పన్నెండు సెకన్లలో తేలిపోతే ఇక భయమెక్కడిది?

'వరల్డ్ వార్ జెడ్' సినిమాతో నా పేచీ అంతా 12 అనే అంకె దగ్గర మొదలవుతుంది. ఫిలడెల్ఫియా నడిబొడ్డున ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన బ్రాడ్ పిట్ కళ్ళముందే ఒక మనిషిని జాంబీ కొరుకుతుంది. ఆ మనిషి రోడ్డు మీద పడి మెలికలు తిరిగి, కళ్ళు తేలేసి, లేచి ఇంకొకరి మీదికి దూకుతాడు. మొత్తం 12 సెకన్లు. బ్రాడ్ పిట్ వేసిన జెర్రీ లేన్ పాత్ర ఐక్యరాజ్యసమితి తరఫున నానా దేశాల యుద్ధాలు చూసి, ఆ ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటున్నవాడు. అందుకని అంత గోలలోనూ మనసులో లెక్కపెట్టుకుంటాడు. ఆ లెక్క మీదే తర్వాతి కథ నడుస్తుంది.

అంటువ్యాధి కథలో అసలు సరుకు జబ్బు తగిలిన ఘడియకూ అది బయటపడే ఘడియకూ మధ్య ఉన్న కాలంలో ఉంటుందని నా నమ్మకం. అనుమానం అక్కడే పుడుతుంది. అబద్ధాలు అక్కడే మొదలవుతాయి. కన్నతల్లి బిడ్డను దగ్గరికి తీసుకోవాలా వద్దా అని తలుపు పట్టుకుని నిలబడేది ఆ కాలంలోనే. దాన్ని 12 సెకన్లకు కుదించాక మిగిలేది పరుగు ఒక్కటే. జాంబీలు మరీ వేగంగా ఉరుకుతున్నాయనీ, హీరో ఒక్కడే ప్రపంచమంతా తిరుగుతున్నాడనీ, ఇంత మారణకాండలో రక్తం చుక్క సరిగా కనపడదనీ చాలామంది తిట్టారు. అవన్నీ ఈ ఒక్క తప్పుకు పుట్టిన పిల్లలే.

ఈ సినిమాకు మూలమైన మాక్స్ బ్రూక్స్ నవల అదే పేరుతో 2006లో వచ్చింది. హాలీవుడ్‌లో తరాలపాటు జనాన్ని నవ్వించిన మెల్ బ్రూక్స్ కొడుకు ఇతను. నవల నడక మామూలుగా ఉండదు. జాంబీలతో యుద్ధం అయిపోయి చాలా కాలమైంది. ఐక్యరాజ్యసమితి కమిషన్ కోసం ఒకడు దేశదేశాలు తిరిగి బతికి బయటపడ్డవాళ్ళ మాటలు రికార్డు చేస్తాడు. తీరా నివేదిక అచ్చయ్యేసరికి మనుషుల గోడు అంతా కోసేసి అంకెలూ లెక్కలూ మాత్రం ఉంచుతారు. ఆ కోసేసిన భాగమే ఈ పుస్తకం అన్నట్టు రాశాడు. రెండో ప్రపంచయుద్ధంలో బతికినవాళ్ళ జ్ఞాపకాలను స్టడ్స్ టెర్కెల్ ఇలాగే గుదిగుచ్చి 1984లో పుస్తకం వేశాడు, దానికి పులిట్జర్ కూడా వచ్చింది. బ్రూక్స్‌కు దారి చూపించింది అదే.

నవలలో మొదటి గొంతు చైనాలో ఒక డాక్టరుది. ఎక్కడో మారుమూల పల్లెకు రమ్మని రాత్రిపూట కబురొస్తుంది. అక్కడినుంచి జబ్బు దేశాలు దాటే దారులన్నీ ఒక్కొక్కరి నోట వింటాం. డబ్బు తీసుకుని జనాన్ని సరిహద్దు దాటించే బ్రోకరు చెప్తాడు. దొంగచాటుగా అవయవాలు అమ్ముకునే వ్యాపారంలో, ఎక్కడిదో తెలియని గుండెను బ్రెజిల్‌లో ఒక రోగికి అమర్చిన కథ ఇంకొకరు చెప్తారు. ఇందులో జాంబీలు ఈడుస్తూ నడుస్తాయి. జబ్బు కూడా తీరిగ్గానే ఎక్కుతుంది. కరిపించుకున్నవాడు గాయానికి గుడ్డ చుట్టుకుని, పైన పొడుగు చేతుల చొక్కా వేసుకుని, విమానం ఎక్కగలడు. ఇంటివాళ్ళు దాచగలరు. ఆఫీసరు చూసీ చూడనట్టు పోగలడు. ఇన్ని జరగడానికి టైముంది కాబట్టే ప్రపంచం కూలుతుంది. జాంబీ కోరలకంటే మనుషుల దాపరికమే ఎక్కువమందిని చంపుతుంది ఇందులో.

ఇప్పుడు దీన్ని సినిమా కథతో పక్కపక్కన పెట్టి చూడండి. 12 సెకన్లలో మారిపోయేవాడు విమానం ఎక్కి ఇంకో ఖండానికి ఎట్లా పోతాడు? సినిమా దీనికి సరైన జవాబు చెప్పదు. కొరియాలో ఒక సైనికుడు, ఒక్కొక్కరికి ఒక్కోరకంగా టైము పట్టిందని ఏదో అంటాడు, అంతటితో సరి. అంతలోనే ఇంకో పేలుడు, ఇంకో హెలికాప్టర్. ప్రేక్షకుడికి ఆలోచించే సందు దొరికితే కదా.

సినిమా తీసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు అనను. మార్క్ ఫోర్‌స్టర్ దర్శకుడు. పారామౌంట్ పెట్టుబడి, బ్రాడ్ పిట్ సొంత కంపెనీ ప్లాన్ బి నిర్మాణం. ఖర్చు 19 కోట్ల డాలర్ల దాకా అయిందంటారు. 2013 నాటి రేటుకు మన లెక్కలో వెయ్యి కోట్ల పైచిలుకు. అంత డబ్బు పెట్టినవాడు ముప్పై నలభై మంది గొంతులను వరసగా వినిపించే సినిమా తియ్యడానికి జంకుతాడని నాకూ తెలుసు. అతనికి ఒక మొహం కావాలి, పోస్టరు మీద వెయ్యడానికి. అది న్యాయమైన భయమే. పేరు తప్ప సినిమాకూ తన పుస్తకానికీ పెద్దగా పోలిక లేదని బ్రూక్స్ కూడా చెప్పుకున్నాడు. అయితే ఒక్క మొహం పెట్టుకుని కూడా ఆ మధ్యకాలాన్ని కాపాడుకోవచ్చు. ఎలాగో సినిమాలోనే ఉంది. అదే నాకు ఎక్కువ ఉక్రోషం తెప్పించే సంగతి.

న్యూవార్క్‌లో ఒక అపార్ట్‌మెంట్ మేడ మీది సీను గుర్తుందా? హెలికాప్టర్ కోసం పైకి ఉరికే తొందరలో జాంబీతో పెనుగులాడినప్పుడు జెర్రీ నోట్లో దాని రక్తం పడుతుంది. పైకి చేరగానే అతను పెళ్ళాం పిల్లల దగ్గరికి పోడు. పిట్టగోడ అంచు మీద నిలబడి లెక్కపెట్టుకుంటాడు. తను మారిపోతే అటునుంచి అటే కింద పడాలని. భార్య దూరం నుంచి చూస్తుంటుంది, ఆమెకు అర్థం కాదు, ఆ తర్వాత అర్థమవుతుంది. ఆ కొన్ని క్షణాలు నాకు ఊపిరాడలేదు. ఆ మనిషి అప్పుడు తండ్రీ కాదు, జాంబీ కూడా కాదు. ఎటు పోతాడో అతనికే తెలియదు.

ఇంకొకటి జెరూసలేంలో. సేగెన్ అనే సైనికురాలి చేతిని జాంబీ కొరుకుతుంది. జెర్రీ ఆగకుండా ఆ చేతిని మణికట్టు పైన నరికేసి, ఆమె కళ్ళలోకి చూస్తూ లెక్కపెడతాడు. చెయ్యి పోయిన అమ్మాయి నొప్పితో అరుస్తోంది. మనం మాత్రం ఆమె మనిషిగా మిగులుతుందా లేదా అని చూస్తున్నాం. మూడోది చివర్లో, కార్డిఫ్ ల్యాబ్‌లో. అప్పటికే చావుకు దగ్గరైన రోగుల జోలికి జాంబీలు పోవడం లేదని జెర్రీ కనిపెడతాడు. గాజు తలుపు బయట జాంబీ ఒకటి పళ్ళు కొరుకుతూ నిలబడి ఉంటే, లోపల ప్రాణాంతకమైన జబ్బు సూదిని తనకు తానే పొడుచుకుని కూర్చుంటాడు. ఎదురుచూస్తాడు. సినిమా మొత్తంలో అతను చెయ్యడానికి ఏమీ లేక ఊరికే కూర్చున్నది అప్పుడే.

గోడ మీదికి జాంబీలు పుట్టలోంచి చీమల్లా ఎగబాకి గుట్ట కట్టే సీను ట్రైలర్లో చూపించారు, అందరూ ఆ సీనే చెప్పుకుంటారు. చూడటానికి బ్రహ్మాండంగానే ఉంటుంది. కానీ రెండోసారి చూస్తే అక్కడ భయం లేదు, కంప్యూటర్ పనితనం ఉంది. ఇందాక చెప్పిన మూడు సీన్లు ఎన్నిసార్లు చూసినా పనిచేస్తాయి. మూడూ నిరీక్షణ సీన్లే. మూడింటికీ పెద్ద ఖర్చేమీ అయి ఉండదు.

కార్డిఫ్ ముగింపు అసలు మొదట అనుకున్నది కాదు. రష్యాలో భారీ యుద్ధంతో సినిమా ముగించాలని తీశారు. చూసుకుంటే అతకలేదు. 2012 డిసెంబర్‌లో రావాల్సిన సినిమాను వెనక్కి జరిపి, డేమన్ లిండెలాఫ్, డ్రూ గొడార్డ్ అనే రచయితలను పిలిచి, చివరి భాగం మొత్తం మళ్ళీ రాయించి తీశారు. సినిమా మునిగిందని రిలీజుకు ముందే పత్రికలు తీర్పు ఇచ్చేశాయి. తీరా 2013 జూన్‌లో వచ్చాక ప్రపంచవ్యాప్తంగా 54 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది. మంది, మార్బలం, ట్యాంకులతో తీసిన యుద్ధం పారేసి, నాలుగు గదులు, ఒక నడవా, మెట్ల మీద కాలి చప్పుడు వినపడకుండా నడిచే ముగ్గురు మనుషులతో నెగ్గారు. ఇది చూశాకైనా హాలీవుడ్‌కు ఒక సంగతి అర్థం కావాల్సింది.

ఇంత గట్టిగా నేను వాదించడానికి కారణం మా వైపు 2020 ఎండాకాలం. మాది నారాయణపేట దగ్గరి ఊరు. పాలమూరు నుంచి బొంబాయికి వలసపోవడం మాకు ముత్తాతల కాలం నాటి అలవాటు. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా పాలమూరు కూలీ అక్కడ మట్టి మోసి ఉంటాడని అంటారు, అది ఉత్తమాట కాదు. బొంబాయి బస్సు అంటే మా పిల్లలకు కూడా తెలుసు. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. బస్సు ఆగిపోయింది. అక్కడ కట్టుబడి పనుల్లో ఉన్నవాళ్ళు అక్కడే చిక్కారు.

ఆ రోజుల్లో తెలంగాణ పల్లెలు చాలావాటికి పొలిమేరలో సర్కారు తుమ్మ కంప అడ్డం పడింది. కొన్నిచోట్ల రోడ్డే తవ్వేశారు. కంప పక్కన కర్ర పట్టుకుని వంతులవారీగా కుర్రాళ్ళు కూర్చునేవాళ్ళు. పంచాయతీ ట్రాక్టరు గల్లీ గల్లీ తిరిగి హైపోక్లోరైట్ కొట్టేది. రేషన్ షాపు ముందు సున్నంతో గుండ్రాలు గీసి నిలబెట్టేవాళ్ళు. ఒకనాడు ఆ వరసలో ఎవరో తుమ్మారు. ఎవరూ అరవలేదు, ఉరకలేదు. అందరూ ఒక్క అడుగు జరిగారు, అంతే. తుమ్మినాయన సంచి చంకన పెట్టుకుని, "మిరపకాయ ఘాటు" అని నలుగురికీ వినపడేలా చెప్పి నవ్వబోయాడు. నవ్వు మాత్రం రాలేదు. ఆ ఒక్క అడుగును పట్టుకున్న జాంబీ సినిమా నేను ఇంతవరకు చూడలేదు.

మే నెలలో దారులు కొంచెం తెరిచారు. వలస కూలీల కోసం దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. అటునుంచి మనవాళ్ళు కూడా రావడం మొదలైంది. షోలాపూర్, గుల్బర్గా మీదుగా, కొందరు లారీల్లో, కొందరు తలా ఇంత వేసుకుని మాట్లాడుకున్న తుఫాన్ బండ్లలో. మా పెద్దనాయిన కొడుకు అట్లా వచ్చినవాడే. చెక్‌పోస్టు దగ్గర చేతి మీద ముద్ర వేశారు, 14 రోజులు ఇంట్లోనే ఉండాలని. ఇల్లంటే ఒకే గది, వంటిల్లు, వసారా. అందుకని చేను దగ్గర ఎడ్ల కొట్టంలో ఉన్నాడు.

వదిన పొద్దున, మాపటికి జొన్నరొట్టె, పప్పు గిన్నెలో పెట్టుకుని పోయేది. బోరు మోటారు స్టార్టరు డబ్బా కింద ఒక బండ ఉంది. దాని మీద గిన్నె పెట్టి, పది గజాలు వెనక్కి వచ్చి నిలబడితే ఆయన వచ్చి తీసుకునేవాడు. తిన్నాక గిన్నెను మట్టితో తోమి, బోరు నీళ్ళ కింద కడిగి, అదే బండ మీద ఎండలో బోర్లించేవాడు. ఆమె దాన్ని వెంటనే ముట్టుకునేది కాదు, తర్వాతి పూట తీసుకునేది. ఇద్దరూ మాట్లాడుకునేది ఫోన్లో. కంటికి కనిపిస్తూ, పది గజాల దూరంలో నిలబడి, ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. చిన్నోడు ఉరకబోతే "ఆడనే ఉండు బిడ్డా, దగ్గర్కి రాకు" అని అన్న గద్దించేవాడు. చేతి మీది ముద్ర చెమటకూ నీళ్ళకూ రెండు మూడు రోజులకే పలచబడింది. ఎవరన్నా అడిగితే చూపించడానికి ఉండాలని ఆయన ఆ చేతికి సబ్బు పెట్టడం మానేశాడు.

ఆశా వర్కరు వచ్చి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని దూరం నుంచే అడిగి రాసుకునేది. ఉందని చెప్తే అంబులెన్స్ వస్తుంది, ఊరంతా చూస్తుంది. రాష్ట్రం విడుదల చేసే రోజువారీ బులెటిన్‌లో వలస వచ్చినవాళ్ళ కేసులు విడిగా చూపించేవాళ్ళు. "బొంబాయి కేసు" అనే మాట ఊళ్ళో నలుగురి నోళ్ళలో నానింది. అప్పటికి కొన్ని వారాల ముందు ఒక మతంవాళ్ళను ఇలాగే వేలెత్తి చూపారు. తర్వాత సూర్యాపేట కూరగాయల మార్కెట్ పేరు చెప్పుకుని, అక్కడివాళ్ళంటేనే జంకారు. ఇప్పుడు మా వంతు. కన్న ఊరే తనను జబ్బులా చూస్తుందని అన్నకు తెలుసు. ఊరికి భయం ఉందనీ తెలుసు. అందుకే కోపం కూడా పూర్తిగా తెచ్చుకోలేకపోయాడు.

మా నాయినమ్మ ఉంటే దీనికి ఆశ్చర్యపడేది కాదు. గత్తర, అంటే కలరా, లేచిన ఏడు జనం ఊరు విడిచి చేన్లల్లో గుడిసెలు వేసుకున్నారనీ, పక్క ఊరివాళ్ళు తమ బాయి దగ్గరికి రానియ్యలేదనీ చెప్పేది. ఎవరింట్లోనన్నా వాంతులైతే పక్కింటివాళ్ళకు తెలియకుండా బూడిద చల్లి ఎత్తిపోసేవాళ్ళట. ఆమె చెప్పే కథల్లో చావులు ఒక్క ముక్కలో అయిపోయేవి. బూడిద చల్లడం, ఆవలింటి మనిషికి అనుమానం రావడం మాత్రం ఇంతసేపు చెప్పేది.

అందుకే జెరూసలేం సీను నాకు మింగుడుపడలేదు. బయటినుంచి వచ్చినవాళ్ళను గోడ లోపలికి రానిస్తారు. వాళ్ళు సంతోషంతో మైకు పెట్టుకుని పాడతారు. ఆ చప్పుడుకు జాంబీలు గోడ ఎక్కుతాయి, నగరం పోతుంది. ఎందుకు పోయిందయ్యా అంటే, బయటివాళ్ళను రానిచ్చినందుకు, వాళ్ళు పాట పాడినందుకు. నవలలో అట్లా లేదు. అక్కడ ఇజ్రాయెల్ తలుపు తెరవడం వల్ల లోపలివాళ్ళకూ లోపలివాళ్ళకూ మధ్యనే చిచ్చు రేగుతుంది, అంతర్యుద్ధం దాకా పోతుంది. చెప్పేవాళ్ళు వేర్వేరు, ఎవరి నొప్పి వారిది. సినిమాకు అంత ఓపిక లేదు. 2013లో ఆ సీను చూసి ఎవరేమనుకున్నారో గానీ, 2020 మే తర్వాత పాలమూరువాడెవడూ దాన్ని ఊరికే చూడలేడు.

ఇంకో చిన్న సంగతి కూడా సినిమా చేతికి వచ్చినట్టే వచ్చి జారిపోయింది. నౌక మీద జెర్రీ కుటుంబానికి చోటు దొరికేది అతను పనికొస్తాడు కాబట్టి. అతను చనిపోయాడని అనుకోగానే పెళ్ళాం పిల్లలను అక్కడినుంచి దింపి శిబిరానికి పంపేస్తారు. నవలలో దీనికి ఒక పెద్ద అధ్యాయమే ఉంది. దక్షిణాఫ్రికాలో పాల్ రెడెకర్ అనేవాడు వేసిన పథకం. అందరినీ కాపాడలేం, కొందరిని సురక్షిత ప్రాంతానికి తరలిద్దాం, మిగతావాళ్ళను జాంబీలకు ఎరగా వదిలేద్దాం అంటాడు. ప్రపంచ ప్రభుత్వాలన్నీ దాన్నే కాపీ కొడతాయి. ఎవరు ఏ జాబితాలో పడతారు, ఆ జాబితా ఎవరు రాస్తారు? వలసపోయేవాళ్ళున్న ఏ ఊరికైనా ఇది నిత్యం ఎదురయ్యే ప్రశ్న. సినిమాలో ఇది అలా వచ్చి ఇలా పోతుంది.

మన దేశం గురించి ఆ సినిమాలో ఉన్నది ఒక్క మాట. భారత సైన్యాధికారి ఒకరు రాక్షసులతో పోరాడుతున్నామని పంపిన సందేశాన్ని ఇజ్రాయెల్ వాళ్ళు పట్టుకున్నారంటాడు ఒక పాత్ర. వంద కోట్ల పైచిలుకు జనం ఏమయ్యారో మళ్ళీ ఎవరూ అడగరు. నవల కొంచెం నయం. గుజరాత్‌లోని ఆలంగ్ తీరం ఉంది, పాత ఓడలను ముక్కలు చేసే చోటు. ప్రాణాలు దక్కించుకోవాలని జనం సముద్రంలోకి దిగి, తుక్కుకు తెచ్చిన ఆ ఓడలనే ఎక్కాలని చూస్తారు. హిమాలయాల దారిలో సైన్యం కథ ఒకటి ఉంది. నవలను నెత్తిన పెట్టుకోవాలని కూడా నేననను. గొంతులు ఇన్ని ఉన్నా సగం మంది ఒకే అమెరికా కుర్రాడిలా మాట్లాడతారు. పల్లెటూరి మనిషి, జనరలు, డాక్టరు, ముగ్గురికీ అదే వెటకారం. మా కొట్టంలో కూర్చున్న మనిషి ఏం మాట్లాడి ఉండేవాడో అతనికి తట్టదు. తట్టాలని ఆశించడం కూడా అన్యాయమే.

మనవాళ్ళ జాంబీల సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' 2021 ఫిబ్రవరిలో వచ్చింది, మా అలంపురం నుంచి తుంగభద్ర దాటితే వచ్చే కర్నూలు వైపు కథ. ఫ్యాక్షన్ ఊళ్ళో జాంబీలు పడితే వేటకొడవళ్ళకు కొత్తగా ట్రైనింగ్ ఇవ్వక్కర్లేదన్న జోకు బాగా పేలింది. నవ్వించాలనుకుంది, నవ్వించింది, దాంతో నాకు తగాదా లేదు.

ఇదంతా ఒకనాడు అన్నతో వాదించాను. ఆయన 'వరల్డ్ వార్ జెడ్'ను ఫోన్లో చూశాడు, ఒకటికి రెండుసార్లు. గోడ సీను దగ్గర ఆపి పిల్లలకు కూడా చూపించాడు. నా మాట విని, "ఏంది తమ్మీ, కొట్టంల కూసున్న కథ మళ్ల పైసలిచ్చి ఎవడు చూస్తడు? నాకు తెల్వని భయం జూపెట్టాలె గని" అన్నాడు. దీనికి జవాబు తేలిక కాదు. అనుభవించినవాడికి సినిమా అంటే దాన్ని మరిచిపోయే రెండు గంటలు. నేను ఇంట్లో కూర్చుని రాసుకునేవాడిని, ఆయన ఆ 14 రోజులు అక్కడ పడుకున్నవాడు. ఆయన మాటకు నా మాటకంటే బరువు ఎక్కువే.

అయినా నేను ఒప్పుకోను. 2021 మే నెలలో, రెండో వేవ్ అప్పుడు, నల్లగొండ జిల్లాలో ఒక తండా కుర్రాడి వార్త పేపర్లలో వచ్చింది. పాజిటివ్ వచ్చింది, ఇంట్లో వేరే గది లేదు. ఇంటి ముందున్న చెట్టు కొమ్మలకు వెదురు బొంగులతో మంచం కట్టుకుని 11 రోజులు అక్కడే ఉన్నాడు. తాడు, గిలక, బకెట్ పెట్టి కింద నుంచి తిండీ సామానూ పైకి లాక్కునేవాడు. ఆ చెట్టు కింద తల్లి, పైన కొడుకు, మధ్యలో బకెట్. దీన్ని చూసి భయపడని, నవ్వని, ఏడవని ప్రేక్షకుడు ఉంటాడా? రాత్రి గాలికి కొమ్మ ఊగితే? పైనుంచి దగ్గు వినపడటం ఆగిపోతే? ఇందులో జాంబీని పెట్టండి, కావాలంటే. ఆ కుర్రాడిని ఏదో కరిచిందని పెట్టండి. 11 రోజులు. కింద ఊరు మొత్తం కర్రలు పట్టుకుని ఎదురుచూస్తోంది, వాడు మనిషిగా దిగుతాడా ఇంకేదో అయి దిగుతాడా అని. ఇది నాకు తెలిసిన భయమే. కానీ అన్న అడిగిన తెలియని భయం కూడా ఇందులోనే ఉంది.

గొంతులు మాత్రమే ఉంటే జనం వినరనేవాళ్ళకు ఇంకో ఉదాహరణ చెప్తాను. ఇదే నవలను ఆడియో పుస్తకంగా చేసినప్పుడు ఒక్కో పాత్రకు ఒక్కో నటుడితో చదివించారు. అలాన్ ఆల్డా, మార్క్ హామిల్, జాన్ టర్టురో లాంటివాళ్ళున్నారు. బొమ్మ లేదు, గ్రాఫిక్స్ లేవు. నా లెక్కలో సినిమాకంటే అదే ఎక్కువ భయపెడుతుంది. రాత్రి బస్సులో మహబూబ్‌నగర్ నుంచి వస్తూ విన్నాను, దేవరకద్ర దాటాక పక్క సీటు ముసలాయన దగ్గితే ఉలిక్కిపడ్డాను. ఒకే మనిషి గొంతు మార్చి పది పాత్రలు పలికే ఒగ్గు కథను తెల్లవార్లూ కూర్చుని విన్న జిల్లాలు మనవి. వినే ఓపిక లేదని మన జనం మీద నింద వెయ్యకండి.

రెండో భాగం తియ్యాలని చాలా ఏళ్ళు అనుకున్నారు. డేవిడ్ ఫించర్ దర్శకుడని కూడా తేలింది. 2019లో దాన్ని ఆపేశారు. ఇంకొక ఏడాది ఆగి ఉంటే కథ కోసం ఎక్కడా వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు.

ఎప్పటికైనా మళ్ళీ తలపెడితే, నవలలోని ఫాలాంక్స్ అధ్యాయం ఒక్కటి తీస్తే చాలు నాకు. బ్రెక్ స్కాట్ అని ఒక వ్యాపారి ఉంటాడు. జనం జాంబీ రోగాన్ని రేబిస్ అనుకుంటున్న రోజుల్లో, రేబిస్ టీకాకు ఫాలాంక్స్ అని పేరు పెట్టి అమ్ముతాడు. పనిచెయ్యదని అతనికి తెలుసు. ప్రభుత్వం కూడా అడ్డం పడదు, ఎందుకంటే టీకా ఉందంటే జనం గమ్మునుంటారు, మార్కెట్ పడిపోదు. యుద్ధం అయ్యాక అతను అంటార్కిటికాలో దాక్కుని, ఏమాత్రం సిగ్గు లేకుండా తన తెలివి గురించి చెప్పుకుంటాడు. నేనేమీ అబద్ధం చెప్పలేదు, రేబిస్‌కు అది పనిచేస్తుంది కదా అంటాడు. జాంబీ ఒక్కటి కూడా కనిపించని అధ్యాయం అది. పుస్తకంలో నన్ను అన్నిటికంటే వణికించింది అదే. రెమ్డెసివిర్ ఇంజెక్షన్ల కోసం బ్లాకులో బేరమాడినవాళ్ళకూ, 2021 మేలో కృష్ణపట్నం మందు కోసం నెల్లూరు జిల్లా దాకా పోయి లైన్లో నిలబడినవాళ్ళకూ ఆ వ్యాపారి గొంతు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. కొనుక్కున్నవాడి గొంతు కూడా పక్కనే పెడితే ఇంకా మంచిది. ఇంట్లో మనిషికి ఊపిరి అందడం లేదు, ఎదుటివాడు చెప్పిన ధర ఎంతైనా సరే అంటున్నాడు, మందు నిజమో కాదో అడిగే ధైర్యం లేదు. దానికి ఒక గది, రెండు ఫోన్లు సరిపోతాయి.

అది గనక వస్తే మొదటిరోజే చూస్తాను. అన్నను కూడా లాక్కుపోతాను. జాంబీలు ఉరుకుతలేవని ఇంటర్వెల్‌లో గొణుగుతాడు. పాప్‌కార్న్ ఇప్పించి కూర్చోబెట్టాలి.